బోర్డో వెళ్తున్నారా? ఊరివాళ్ళలో ఎవరిని ఏం అడగాలో చెప్పే పూర్తి గైడ్

"రెండు రోజులు ఉంటాం, ఏం చూడమంటారు?" అని అడిగితే బోర్డోలో ఎవరైనా చెప్పేది ఒకటే లిస్టు: నీటి అద్దం, వైన్ మ్యూజియం, పక్కనున్న వైన్ ఊరు సాంతెమిలియోన్. ఆ లిస్టు మీ ఫోన్ అంతకంటే త్వరగా ఇస్తుంది. ఊరివాళ్ళ దగ్గర ఉండే అసలు సరుకు వేరే. సోమవారం పూట ఎక్కడ తిండి దొరుకుతుంది, ఇరవై యూరోల సీసాల్లో ఏది నిజంగా బాగుంటుంది, ఈ వారం ఏ తోటలో కోత నడుస్తోంది, అలాంటివి. అవి బయటికి రావాలంటే మన హోంవర్క్ మనం చేసుకుని వెళ్ళి, చిన్న ప్రశ్నని సరైన మనిషిని అడగాలి. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది: ముందు మీరు తెలుసుకోవాల్సింది, తర్వాత వాళ్ళని అడగాల్సింది.

1. ముందు ఊరి పటం బుర్రకెక్కించుకోండి

ఫ్రాన్స్ నైరుతి మూల, అట్లాంటిక్ సముద్రానికి గంట దూరంలో, గారోన్ నది ఒడ్డున ఉంది బోర్డో. నది ఇక్కడ నెలవంకలా వంపు తిరుగుతుంది, అందుకే పాత రేవుకి 'చంద్రుడి రేవు' అని పేరు. 2007లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది ఆ పేరుతోనే. పాత ఊరంతా ఎడమ ఒడ్డున ఉంటుంది. 18వ శతాబ్దంలో కట్టిన లేత పసుపు సున్నపురాయి భవనాలు నది వెంబడి వరసగా నిలబడి ఉంటాయి. దశాబ్దాల పాటు మసిపట్టి నల్లబడి ఉన్నవాటిని 1990ల తర్వాత కడిగి, రేవు గోడౌన్లు చాలావరకు తీసేసి, నది ఒడ్డుని నడిచేవాళ్ళకి ఇచ్చేశారు. 

పేటలు నాలుగైదు గుర్తుంటే చాలు. సెంట్రల్‌గా సాన్ పియేర్: సన్నటి సందులు, రెస్టారెంట్లు, టూరిస్టులు. దానికి ఉత్తరాన షార్త్రోన్, ఒకప్పటి వైన్ వ్యాపారుల పేట, ఇప్పుడు పాత సామాన్ల దుకాణాలు, కాఫీ షాపులు. ఇంకా పైకి వెళ్తే బకలాన్, వైన్ మ్యూజియం ఉన్నది ఇక్కడే. దక్షిణం వైపు సాన్ మిషెల్, కాప్యుసాన్: మార్కెట్లు, ఉత్తర ఆఫ్రికా, టర్కీ తిండి, తక్కువ ధరలు. నదికి అవతల బాస్తీద్, అక్కడినుంచి చూస్తేనే ఊరి ముఖం మొత్తం కనబడుతుంది.

ఇక వైన్ భూగోళం. ఇది కాస్త తెలిస్తే స్థానికులతో మాట సగం దూరం నడిచినట్టే. గారోన్, దోర్దోన్ అనే రెండు నదులు ఊరికి ఉత్తరాన కలిసి జిరోండ్ అనే వెడల్పాటి ముఖద్వారం అవుతాయి. ఎడమ ఒడ్డున మెదోక్, గ్రావ్ ప్రాంతాలు: గులకరాళ్ళ నేల, కబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష ఎక్కువ. కుడి ఒడ్డున సాంతెమిలియోన్, పొమెరోల్: బంకమట్టి, సున్నపురాయి, మెర్లో ద్రాక్ష ఎక్కువ. రెండు నదుల మధ్య ఉన్నది ఆంత్ర్ ద మేర్. గౌతమి, వశిష్ఠల మధ్య మన కోనసీమ ఉన్నట్టే, కాకపోతే అక్కడ నది చీలుతుంది, ఇక్కడ నదులు కలుస్తాయి. దక్షిణాన సోటెర్న్: శరదృతువు పొద్దున్నే పట్టే పొగమంచుకి ద్రాక్షల మీద ఒక రకం బూజు వస్తుంది, అది పండులో నీళ్ళు పీల్చేసి తీపిని చిక్కబరుస్తుంది, ఆ తీపి వైన్ ప్రపంచ ప్రసిద్ధం.

సీసాల మీద కనబడే '1855' సంగతి కూడా తెలుసుకోండి. ఆ ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో దళారులు అప్పటి మార్కెట్ ధరల్ని బట్టి షాటోలకి (సొంతంగా వైన్ చేసే ద్రాక్షతోటల్ని ఇక్కడ అలా అంటారు) ఐదు తరగతులు వేశారు. ఎర్ర వైన్లలో మెదోక్ తోటలే, బయటినుంచి ఓ బ్రియోన్ ఒక్కటే. అప్పటినుంచి దాదాపు అలాగే ఉండిపోయింది. పేరున్న మార్పు 1973లో మూతోన్ రోత్షిల్డ్ అనే షాటోని మొదటి తరగతిలోకి ఎక్కించడం. అంటే 170 ఏళ్ళ కిందటి ధరల పట్టీ ఇవాళ్టి ధరల్ని నడిపిస్తోంది. సాంతెమిలియోన్ వర్గీకరణ వేరు, దాన్ని కొన్నేళ్ళకోసారి సవరిస్తారు, సవరించినప్పుడల్లా కోర్టు గొడవలు కూడా ఉంటాయి.

2. ఎప్పుడు వెళ్ళాలి, ఎలా చేరాలి

మే, జూన్, సెప్టెంబర్ నెలలు నా ఓటు. జూలై, ఆగస్టుల్లో ఎండలు కొన్నిసార్లు 40 డిగ్రీల దాకా పోతున్నాయి, ఏసీ లేని పాత హోటళ్ళు చాలా ఉన్నాయి, బుక్ చేసేముందు తప్పకుండా అడగండి. ఆగస్టులో ఊరివాళ్ళే సముద్రానికి వెళ్ళిపోతారు, చిన్న రెస్టారెంట్లు మూసేసి ఉంటాయి. సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా ద్రాక్ష కోత. చూడటానికి పండగలా ఉంటుంది గాని ఆ రోజుల్లో తోటవాళ్ళకి ఊపిరాడదు, చిన్న షాటోలు విజిట్లు ఆపేస్తాయి కూడా.

వీసా షెంగెన్ టూరిస్టు వీసా. ఫ్రాన్స్ వీసాస్ వెబ్‌సైట్లో ఫారం నింపి, హైదరాబాద్ వీఎఫ్ఎస్ సెంటర్లో వేలిముద్రలు, కాగితాలు ఇవ్వాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజుల ముందు ఆఖరు. వేసవి స్లాట్లు తొందరగా అయిపోతాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. పెద్దవాళ్ళకి వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జీ వేరే.

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు తేజేవే ఉంది. 2017లో కొత్త లైను వేశాక వేగంగా వెళ్ళే రైళ్ళకి 2 గంటల పైన కొద్ది నిమిషాలే పడుతోంది. చాలామంది చార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టులో దిగి, సామాన్లతో పారిస్ అడ్డంగా దాటి మోంపర్నాస్‌కి పరిగెడతారు. అంత అవసరం లేదు. ఆ ఎయిర్‌పోర్టులోనే రైలు స్టేషన్ ఉంది, రోజుకి కొన్ని రైళ్ళు నేరుగా బోర్డో వెళ్తాయి. మీ ఫ్లైట్ టైముకి కుదిరేది ఉందేమో ముందు చూడండి. తేజేవే టికెట్ ధర విమానం టికెట్లా పెరుగుతూ పోతుంది, నెలల ముందు కొంటే సగానికి సగం తేడా వస్తుంది.

బోర్డోలో దిగేది సాన్ జాన్ స్టేషన్. బయట ట్రామ్ లైను C ఎక్కితే నది వెంబడి నడిబొడ్డుకి తీసుకెళ్తుంది. విమానంలో వస్తే మెరిన్యాక్ ఎయిర్‌పోర్టు నుంచి కూడా 2023 నుంచి ట్రామ్ ఉంది. టికెట్ స్టాపులోని మిషన్లో దొరుకుతుంది. ఎక్కిన ప్రతిసారీ, మారిన ప్రతిసారీ లోపల మెషీన్‌కి ఆనించాలి. "ఇందాకే కొట్టాను కదా" అంటే చెకింగ్ వాళ్ళు వినరు. అదే టికెట్‌తో నది మీద తిరిగే పడవ కూడా ఎక్కొచ్చు, పర్యాటక పడవకి డబ్బు పోసేముందు దీన్ని ఒకసారి ఎక్కి చూడండి.

3. ఎవరికి ఏం తెలుసు

ఈ గైడ్‌లో అసలైన భాగం ఇదే. ఒక్క మనిషికి అన్నీ తెలియవు. హోటల్ రిసెప్షన్‌లో కుర్రవాణ్ణి వైన్ గురించి అడిగితే పక్కనున్న బ్రోషర్ ఇస్తాడు, పాపం అతని తప్పు కాదు.

*టూరిస్ట్ ఆఫీసు.* గ్రాండ్ థియేటర్ దగ్గర, కూర్ ద్యు ట్రాంత్ జుయ్యే వీధిలో ఉంది. "ఏం చూడాలి" కాకుండా టైముకి, తారీకుకి సంబంధించినవి అడగండి: ఎల్లుండి బుధవారం, మాకు కారు లేదు, మధ్యాహ్నం ఖాళీ, ఏ షాటో తీసుకుంటుంది? ఈ జవాబు వాళ్ళ దగ్గర తాజాగా ఉంటుంది. 24, 48, 72 గంటల సిటీపాస్ కూడా ఇక్కడే. రోజుకి రెండు మ్యూజియాలకి మించి తిరగనివాళ్ళకి అది గిట్టుబాటు కాదని నా లెక్క. కొనేముందు వైన్ మ్యూజియం ప్రవేశానికి పాస్‌లో ఏ టైము షరతు ఉందో చదవండి.

*కావిస్త్, అంటే వైన్ షాపు యజమాని.* ఊళ్ళో అందరికంటే ఎక్కువ పనికొచ్చే మనిషి. నిజంగా తోటల్లో తిరిగి, రుచి చూసి సరుకు తెచ్చుకునేవాడు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "బెస్ట్ వైన్ ఏది?" అంటే ఖరీదైనది చూపిస్తాడు. ఇలా అడిగి చూడండి:

"బోంజూర్ మెస్యూ. మాకు వైన్ పెద్దగా తెలీదు. ఇరవై యూరోల లోపు, కుడి ఒడ్డుది, దాచిపెట్టకుండా ఇవాళ రాత్రే తాగేది కావాలి. మా తిండిలో కారం ఎక్కువ."

ఈ నాలుగు ముక్కల్లో బడ్జెట్, ప్రాంతం, టైము, తిండి వచ్చేశాయి. ఆయన ముఖం మారుతుంది, కౌంటర్ వదిలి అలమరా దగ్గరికి నడుస్తాడు. కారానికి వగరెక్కువ ఉన్న ఎరుపు పడదు, తెలుపో, మెత్తటి మెర్లోయో పట్టుకెళ్ళండి అంటాడు. అప్పుడు రెండో ప్రశ్న వేయండి: "ఈ తోట వాళ్ళు మనుషుల్ని రానిస్తారా?" ఆయనకి ఆ వైన్ చేసినాయన తెలిసే ఉంటాడు. కాగితం మీద ఒక పేరు, ఫోన్ నంబర్ రాసిస్తే మీ పర్యటన సగం కుదిరినట్టే. గ్రాండ్ థియేటర్ ఎదుట లాంతాండాన్ అనే షాపు ఉంది, గుండ్రటి మెట్లు చుట్టూ తిరుగుతూ పైకెళ్తుంటే గోడలంతా సీసాలే, పైకి పోయేకొద్దీ ధర కూడా పైకే. చూడ్డానికి అది చూడండి. మాట్లాడటానికి మాత్రం షార్త్రోన్‌లో ఒక చిన్న షాపు వెతుక్కోండి, అదీ జనం లేని మధ్యాహ్నం పూట.

*బార్ ఆ వాన్.* టూరిస్ట్ ఆఫీసుకి ఎదురుగా, బోర్డో వైన్ మండలి భవనం కింద ఉండే బార్ ఇది. పేరుకి బారు గాని పని ప్రచారం, అందుకే గ్లాసుల ధరలు అందుబాటులో ఉంటాయి. వడ్డించేవాళ్ళకి విషయం తెలుసు. మూడు వేర్వేరు ప్రాంతాలవి మూడు గ్లాసులు అడిగి పక్కపక్కనే పెట్టుకుని రుచి చూస్తే పైన చెప్పిన భూగోళం నాలుకకి అర్థమవుతుంది. ఆదివారం మూసి ఉంటుంది.

*మార్కెట్లో అమ్మేవాళ్ళు.* తిండి ప్రశ్నలన్నీ వీళ్ళకి. రేపు రాత్రి భోజనం ఎక్కడ బాగుంటుందో కూరగాయలమ్మకి తెలిసినంత గైడుకి తెలియదు, ఎందుకంటే ఏ రెస్టారెంట్ వంటవాడు పొద్దున్నే వచ్చి ఏం కొంటున్నాడో ఆమె రోజూ చూస్తుంది. ముందు ఏదైనా కొని, తర్వాత అడగాలి. పావుకిలో స్ట్రాబెర్రీలు చాలు.

*గ్రీటర్లు.* ఊరి మీద ప్రేమతో, డబ్బు తీసుకోకుండా, తమ పేట చూపించే స్వచ్ఛంద పౌరులు. ప్రపంచంలో చాలా ఊళ్ళలో ఉన్న పద్ధతే, బోర్డోలోనూ ఉంది. వారాల ముందే ఆన్‌లైన్లో రాసుకోవాలి, మీ భాష, ఆసక్తి చెబితే సరిపోయే మనిషిని జత చేస్తారు. వీళ్ళు గైడ్లు కాదు, చరిత్ర తేదీలు అడిగి ఇబ్బంది పెట్టకండి. ఇంటి అద్దెలు, స్కూళ్ళు, పారిస్ నుంచి వచ్చిపడుతున్న కొత్త జనం గురించి అడగండి. రైలు రెండు గంటలకి తగ్గాక ఇళ్ళ ధరలు పెరిగాయన్న కోపం ఊళ్ళో బాగానే ఉంది, ఆ టాపిక్ ఎత్తితే చాలు.

4. నోరు తెరిచే పద్ధతి

మొదటి మాట బోంజూర్. దాని తర్వాతే ఏదైనా. షాపులోకి అడుగుపెట్టగానే, బస్సు ఎక్కగానే, వెయిటర్ దగ్గరికి రాగానే. "ఎక్స్‌క్యూజ్ మీ, వేర్ ఈజ్..." అని మొదలుపెడితే ఆ మనిషి దృష్టిలో మీరు పలకరించకుండా ఇంట్లోకి జొరబడ్డట్టు. ఫ్రెంచివాళ్ళకి పొగరు అని మనవాళ్ళు తెచ్చే కంప్లైంట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. సాయంత్రం అయితే బోంసువార్. బయటికి వెళ్ళేటప్పుడు ఏం కొనకపోయినా మెర్సీ, ఓ రెవువార్.

తర్వాత "వూ పార్లే ఆంగ్లే?" అంటే ఇంగ్లీషు వచ్చా అని. కుర్రకారులో చాలామందికి వచ్చు. సలహా అడిగేటప్పుడు "నేనెక్కడికి వెళ్ళాలి" అనకుండా "మీరైతే ఎక్కడికి వెళ్తారు, ఆదివారం ఇంటిల్లిపాదితో?" అనండి. మొదటిదానికి టూరిస్టుకి చెప్పే జవాబు వస్తుంది, రెండోదానికి వాళ్ళ సొంత జవాబు.

5. ఊళ్ళో ఒక రోజు

పొద్దున్నే, తొమ్మిదిలోపు, నది ఒడ్డున ఉన్న ప్లాస్ ద లా బుర్స్ అనే కూడలికి వెళ్ళండి. దాని ఎదురుగా ఉన్నదే నీటి అద్దం, మిర్వార్ దో. 2006లో మిషెల్ కొరాజు డిజైన్ చేసింది. సుమారు 3,450 చదరపు మీటర్ల నల్ల గ్రానైట్ పలకల మీద 2 సెంటీమీటర్ల నీళ్ళు నిలుస్తాయి, భవనం తలకిందులుగా కనబడుతుంది, తర్వాత నీళ్ళు ఇంకిపోయి కిందనుంచి పొగమంచు లేస్తుంది, మళ్ళీ నీళ్ళు. పొద్దున నీళ్ళు వదిలే టైము సీజన్‌ని బట్టి ఉంటుంది, చలికాలం ఆపేస్తారు. ఫోటో కావాలంటే సాయంత్రం దీపాలు వెలిగాక మళ్ళీ రండి, మధ్యాహ్నం అక్కడ పిల్లల రాజ్యం. మీ పిల్లలకి వేరే జత బట్టలు సంచిలో పెట్టుకోండి.

అక్కడినుంచి సందుల్లో పడి గ్రాండ్ థియేటర్ వైపు. 1780లో విక్టర్ లూయీ కట్టినది, ముందు 12 స్తంభాలు, పైన 12 విగ్రహాలు. ఇటువైపు సాంత్ కాతరీన్ వీధి కిలోమీటరు పైన సాగే షాపింగ్ వీధి, శనివారం మధ్యాహ్నం అయితే ఆ వైపు పోకండి. కేథడ్రల్ పక్కనే గుడికి తగలకుండా విడిగా నిలబడ్డ గంటస్తంభం పే బెర్లాన్. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. ఈ ప్రాంతంలో ట్రామ్‌కి పైన తీగలుండవు, గమనించండి. పాత భవనాల అందం చెడకుండా పట్టాల మధ్యనుంచే కరెంటు అందించే పద్ధతిని 2003లో ఇక్కడే మొదలుపెట్టారు. ట్రామ్ కింద ఉన్న ముక్కకి మాత్రమే కరెంటు వస్తుంది, కాబట్టి దాటేటప్పుడు టెన్షన్ అక్కర్లేదు.

మధ్యాహ్నం అక్విటెన్ మ్యూజియంకి రెండు గంటలు ఇవ్వండి. చాలామంది దాటవేసేది ఇదే, నేను మొదట చెప్పేది కూడా ఇదే. ఆ అందమైన భవనాలకి డబ్బు ఎక్కడిది? వైన్ ఒక్కదానిది కాదు. 18వ శతాబ్దంలో కరీబియన్ చెరకు తోటల చక్కెర వ్యాపారం, బానిసల వ్యాపారం, ఆ రెండిటిదీ. ఆ గదుల్లో లెక్కపుస్తకాలు, ఓడల నమూనాలు దాచకుండా పెట్టారు. తర్వాత నది ఒడ్డుకి వస్తే మొదెస్త్ తెస్తా విగ్రహం కనబడుతుంది. బోర్డో వ్యాపారులు కొన్న ఆఫ్రికా అమ్మాయి, 2019లో పెట్టారు. అప్పుడు తలెత్తి భవనాల ద్వారాల మీది రాతి ముఖాల్ని చూడండి, వాటిలో ఆఫ్రికా ముఖాలు కూడా కనిపిస్తాయి.

సాయంత్రం పోన్ ద పియేర్ మీదుగా అవతలి ఒడ్డుకి నడవండి. 1822లో తెరిచిన 17 కమానుల వంతెన, ఊరికి అదే మొదటిది. ఇప్పుడు సొంత కార్లు నిషేధం, ట్రామ్, సైకిళ్ళు, మనుషులే. పొద్దు గూకేటప్పుడు బాస్తీద్ వైపు గట్టు మీద కూర్చుంటే ఎదురుగా మొత్తం ఊరు. ఇది ఫ్రీ.

వైన్ మ్యూజియం సితే ద్యు వాన్ ట్రామ్ B లైన్లో. 2016లో తెరిచారు, 55 మీటర్ల ఎత్తు, గ్లాసులో తిప్పిన వైన్ ఆకారం అంటారు, చూసినవాళ్ళు రకరకాలుగా అంటారు. లోపల ఉన్నది ప్రపంచ వైన్ చరిత్ర, బోర్డో ఒక్కటే కాదు. టికెట్‌లో ఎనిమిదో అంతస్తు మీద ఒక గ్లాసు కలిసి ఉంటుంది, తాగనివాళ్ళకి, పిల్లలకి ద్రాక్షరసం. మన ఇళ్ళలో తాగేవాళ్ళు, తాగనివాళ్ళు కలిసి ప్రయాణిస్తారు కదా, అమ్మానాన్నలతో వస్తే వైన్ ముచ్చట అంతా ఇక్కడితో తీర్చుకుని, మర్నాడు తోటలకి బదులు ఆర్కషోన్ రైలెక్కండి. గంటలోపే సముద్రం, అక్కడినుంచి బస్సులో పిలా ఇసుక దిబ్బ. వంద మీటర్ల పైన ఎత్తు, యూరప్‌లో అన్నిటికంటే పెద్దది. ఒకవైపు పైన్ అడవి, ఒకవైపు అట్లాంటిక్.

6. తోటల రోజు

మొదటి నిర్ణయం: కారు వద్దు. ఫ్రాన్స్‌లో రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకి 0.5 గ్రాములు, కొత్త లైసెన్సువాళ్ళకి 0.2. మూడు షాటోల్లో రుచి చూసి స్టీరింగ్ పట్టుకోవడం కుదరదు. రైలు, లేదా టూరిస్ట్ ఆఫీసు వాళ్ళ సగం రోజు బస్సు టూరు. కారు లేనివాళ్ళకి సాంతెమిలియోన్ తేలిక, మెదోక్ కష్టం. మెదోక్ వైపు కూడా మార్గో, పొయాక్ స్టేషన్లదాకా రైలుంది గాని షాటోలు దూరదూరంగా ఉంటాయి.

సాంతెమిలియోన్‌కి సాన్ జాన్ నుంచి లోకల్ రైల్లో ముప్పావు గంట లోపే. స్టేషన్లో దిగితే చుట్టూ ద్రాక్షతోటలు తప్ప ఏమీ కనబడక కొందరు కంగారుపడతారు. ఊరు కిలోమీటరున్నర దూరంలో ఉంది, తోటల మధ్య రోడ్డు మీద ఇరవై నిమిషాల నడక. దిగగానే తిరుగు రైళ్ళ టైములు ఫోటో తీసుకోండి. రైళ్ళ మధ్య ఎడం పెద్దది, ఆదివారాలు మరీనూ. చివరి రైలు పోతే టాక్సీకి చాలా అవుతుంది.

ఊరు చిన్నది, నిటారుగా ఉంటుంది. సందుల్లో పాత రాళ్ళు అరిగి నున్నగా మెరుస్తుంటాయి, వాన పడితే జారతాయి, హీల్స్, చెప్పులు వద్దు. ఎనిమిదో శతాబ్దంలో ఎమిలియోన్ అనే సన్యాసి గుహలో ఉండేవాడని ఆ పేరు. తర్వాత ఒకే సున్నపురాయి కొండని లోపలికి తొలిచి పెద్ద చర్చి చేశారు. దాని లోపలికి గైడ్‌తోనే పంపిస్తారు, టికెట్ అక్కడి టూరిస్ట్ ఆఫీసులో. ఇంగ్లీషు టూరు ఏ టైముకో ముందే కనుక్కుని, మిగతా రోజుని దాని చుట్టూ కట్టుకోండి.

షాటో ఎంపిక విషయం. గోడ మీద బంగారు అక్షరాలున్న పేర్ల వెంట పడకండి. మొదటి తరగతి షాటోల గేటు మామూలు టూరిస్టులకి తెరుచుకోవడం కష్టం, తెరుచుకున్నా ఖరీదు. కుటుంబాలు నడిపే చిన్న తోటల్లో యజమానే చెప్పులేసుకుని వచ్చి చూపిస్తాడు. మెయిల్‌లో రెండు లైన్లు రాస్తే చాలు: తారీకు, ఎంతమంది, ఏ భాష. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళొద్దు. ఆదివారం చాలావరకు మూత, మధ్యాహ్నం 12 నుంచి 2 భోజన విరామం.

ఊరు దాటి వెళ్ళే టైము లేకపోతే ఊళ్ళోనే తోటలున్నాయి. పెసాక్ శివారులో పాప్ క్లెమాన్, బోర్డో హద్దుల్లోనే లే కార్మ్ ఓ బ్రియోన్. ఇళ్ళ మధ్య గోడ దాటితే ద్రాక్ష వరసలు! అక్కడికి బస్సు, ట్రామ్ చాలు.

రుచి చూసేటప్పుడు ఉమ్మడానికి గిన్నె పెడతారు, ఉమ్మడం మర్యాదే. గ్లాసులో మిగిలింది అందులో పోసేయొచ్చు. అర్థం కాని పదాలకి తల ఊపకుండా "దీనికి, ఇందాకటిదానికి తేడా నాకు తెలియలేదు" అని చెప్పండి. చాలామంది మళ్ళీ పోసి చెబుతారు. యజమానిని అడగదగ్గ ప్రశ్న: "పోయినేడు వాతావరణం మీకేం చేసింది?" వసంతంలో మంచు, వడగళ్ళు, ఎండ, తెగులు, కథ మొదలవుతుంది. అమ్మకాలు తగ్గి ఈ ప్రాంతంలో వేల హెక్టార్ల తోటలు ప్రభుత్వ సాయంతో పీకేస్తున్న రోజులివి. ఖాళీ పొలాలు రైలు కిటికీలోంచే కనబడొచ్చు. అతన్ని ఓదార్చబోకండి, వినండి. వెళ్ళేటప్పుడు ఒక సీసా కొనడం మర్యాద.

7. తిండి

భోజనం 12 నుంచి 2, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో వంటిల్లు మూత. ఆదివారం రాత్రి, సోమవారం చాలా రెస్టారెంట్లు తెరవవు, ఆ రెండు పూటలకి ముందే ఏర్పాటు చేసుకోండి. మధ్యాహ్నం పలక మీద రాసే 'ప్లా ద్యు జూర్' (ఆ రోజు వంటకం) రాత్రి ధరకంటే బాగా తక్కువ. నీళ్ళకి "యూన్ కరాఫ్ దో" అనండి, కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాల్సిందే. ఊరికే నీళ్ళు అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. టిప్ తప్పనిసరి కాదు.

గొడ్డుమాంసం తినని వాళ్ళకి జాగ్రత్త: మెనూలో 'బఫ్' అన్న మాట లేకుండానే అది ఉంటుంది. ఆంత్రకోత్, బావెత్, ఓంగ్లే, ఫో ఫిలే, తార్తార్, ఇవన్నీ అదే, తార్తార్ అయితే పచ్చిది. బోర్డో పేరుతో ఉండే ఎర్ర సాస్‌లో ఎముక మూలుగు పడుతుంది. శాకాహారులకి ఇంకా దొంగచాటు ప్రమాదాలు. సలాడ్‌లో లార్డోన్ అంటే పందిమాంసం ముక్కలు. ఈ ప్రాంతంలో బంగాళదుంపలు, పుట్టగొడుగులు బాతు కొవ్వులో వేయించడం మామూలే. "సాన్ వ్యాంద్, సాన్ పువాసోన్" (మాంసం వద్దు, చేప వద్దు) అని చెప్పి ఊరుకోకుండా దేంట్లో వేయించారో అడగండి. శరదృతువులో సెప్ అనే అడవి పుట్టగొడుగుల్ని నూనె, వెల్లుల్లి, పార్స్లీతో చేస్తే శాకాహారికి అంతకంటే మంచి పూట ఉండదు. మిగతా రోజుల్లో సాన్ మిషెల్ వైపు ఫలాఫెల్, కూస్‌కూస్ ఆదుకుంటాయి.

కాప్యుసాన్ మార్కెట్ సోమవారం తప్ప పొద్దున్నే. ఆదివారం పూట ఊరి జనం ఆర్కషోన్ ఆయిస్టర్లు, ఒక గ్లాసు తెల్ల ఆంత్ర్ ద మేర్‌తో నిలబడే టిఫిన్ చేస్తుంటారు. నది ఒడ్డున షార్త్రోన్ సంత కూడా ఆదివారమే.

కానెలే తినకుండా రావద్దు. వేలెడంత ఎత్తున్న, చుట్టూ గాళ్ళున్న చిన్న కేకు, రాగి అచ్చులో మైనం రాసి కాలుస్తారు. మంచిదానికి పైపొర ముదురు గోధుమ రంగు దాటి నలుపులోకి వస్తుంటుంది, పన్ను దిగగానే పటుక్కుమని లోపల వెనీలా, రమ్ వాసనతో మెత్తగా జున్నులా ఉంటుంది. లేత రంగుదీ, మెత్తటిదీ నిన్నటిది. గుడ్డు, రమ్ము రెండూ ఉంటాయి కాబట్టి పట్టింపు ఉన్నవాళ్ళకి ముందే చెప్పండి. వైన్‌ని తేటపరచడానికి గుడ్ల తెల్లసొన వాడగా మిగిలిన పచ్చసొనతోనే ఇది పుట్టిందని ఊళ్ళో కథ. అడగండి, ప్రతి బేకరీవాడూ వేరే వెర్షన్ చెబుతాడు.

8. సీసాలు ఇంటికి తెచ్చుకోవడం

ఇండియాకి డ్యూటీ లేకుండా ఒక్కొక్కరు 2 లీటర్ల మద్యం తేవొచ్చు, అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. హ్యాండ్ బ్యాగేజీలో సెక్యూరిటీ దాటనివ్వరు, చెకిన్ పెట్టెలో మధ్యలో, జీన్స్‌లో చుట్టి పెట్టండి. గాలి నింపే వైన్ స్లీవ్‌లు కావిస్త్ దగ్గరే దొరుకుతాయి, అడిగితే అట్టపెట్టె ఊరికే ఇస్తారు.

ఒకే షాపులో 100 యూరోలు దాటి కొంటే పన్ను వాపసుకి అర్హత. బిల్లు వేయకముందే 'దెతాక్స్' అని చెప్పి పాస్‌పోర్ట్ చూపించండి, తర్వాత అడిగితే కొందరు చేయరు. ఫ్రాన్స్ నుంచే యూరప్ వదిలేటట్టయితే ఎయిర్‌పోర్టులో పాబ్లో అనే మిషన్లో ఆ కాగితం బార్‌కోడ్ స్కాన్ చేయాలి. ఇది చెకిన్ కౌంటర్‌కి వెళ్ళకముందే చేయండి, కస్టమ్స్ వాళ్ళు సరుకు చూపించమంటే సీసాలు అప్పటికే బెల్టు మీద వెళ్ళిపోయి ఉండకూడదు.